సంఘం లెక్క అందరిదీ, సభ్యుని లెక్క సభ్యునిది

(పాల ఉత్పత్తిదారుల సహకార సంఘాల అధ్యక్షులు, కార్యదర్శులు, సభ్యుల శిక్షణ తరగతిలో ఒక సహకార ఇన్‌స్పెక్టరు చేసిన ప్రసంగ పాఠం)



ఈ తరగతిలో మాకు ఇచ్చిన విషయం "సంఘం వెబ్‌సైటు, సభ్యుల సమాచార రక్షణ". పేరు చదవగానే వెనుక వరుసలో కొందరు ఒకరి ముఖం ఒకరు చూసుకున్నారు. గాలికుంటు టీకాల గురించో, దాణా ధర గురించో చెబుతారనుకుంటే ఈ కంప్యూటరు గొడవ మనకెందుకని వారి సందేహం కావచ్చు. రెండేళ్ళ క్రితం వరకు మేమూ అలాగే అనుకున్నాము. ఒక సంఘంలో జరిగిన సంగతి కళ్ళారా చూసిన తరువాత మా అభిప్రాయం మార్చుకున్నాము. ముందుగా ఆ సంగతి చెప్పి, తరువాత చట్టం ఏమంటున్నదో, మన సంఘాలు ఏమి చేయాలో మనవి చేస్తాము.

మేము సహకార డిప్లొమా పూర్తి చేసి శాఖలో చేరిన రోజులలో పాల కేంద్రంలో కంప్యూటరు లేదు. ఒక కొలత పాత్ర, ఒక లాక్టోమీటరు, వెన్న శాతం చూసే గాజు గొట్టాలు, ఒక దస్త్రం, ఒక సుద్దముక్క, అంతే. కార్యదర్శి చీటీ వ్రాసి ఇచ్చేవారు. సభ్యుని వివరాలన్నీ బీరువాలోని పుస్తకంలో ఉండేవి. ఆ పుస్తకం చూడాలంటే మనిషి గడప దాటి లోపలికి రావాలి, కార్యదర్శి తాళం తీయాలి. బయట ఊరివాడు వచ్చి ఆ పుస్తకం తిరగేస్తే ఊరందరికీ తెలిసేది.

ఇప్పుడు పాలు పోయగానే యంత్రం తూకం వేస్తున్నది, వెన్న శాతం చూపుతున్నది, రేటు కట్టి చీటీ అచ్చు వేస్తున్నది. బిల్లు సొమ్ము నేరుగా బ్యాంకు ఖాతాలో పడుతున్నది. ఇందువల్ల జరిగిన మేలు తక్కువేమీ కాదు. తూకంలో మోసం తగ్గింది, చెల్లింపులో ఆలస్యం తగ్గింది. అయితే ఈ ఏర్పాటు నడవడానికి సభ్యుని పేరు, ఫోను నంబరు, ఖాతా నంబరు, పలుచోట్ల ఆధార్ నంబరు కూడా కంప్యూటరులోకి ఎక్కాయి. బీరువాలోని పుస్తకం కార్యదర్శి జేబులోని ఫోనులోకి వచ్చింది. కొన్ని సంఘాలలో అక్కడి నుంచి వెబ్‌సైటులోకి కూడా వెళ్ళింది.

ఇక ఆ సంగతి. ఆ సంఘం పేరు చెప్పము, చెప్పనవసరం లేదు. అక్కడి కార్యదర్శి చురుకైన యువకుడు, నిజాయితీపరుడు. పట్నంలో కొనేవారికి సంఘం నెయ్యి, పాలకోవా పంపితే నాలుగు డబ్బులు ఎక్కువ వస్తాయని ఒక చిన్న వెబ్‌సైటు పెట్టించాడు. తెలిసిన కుర్రవాడు తక్కువ ఖర్చుతో తయారుచేసి ఇచ్చాడు. ఆర్డర్లు రాసాగాయి. సర్వసభ్య సమావేశంలో చప్పట్లు కొట్టారు. ఆ ఉత్సాహంలో కార్యదర్శి, సంఘం లెక్కలు అందరికీ తెలియాలి కదా అని, పదిహేను రోజుల చెల్లింపు పట్టీని ఫోనుతో ఫోటో తీసి వెబ్‌సైటులో పెట్టాడు. అలా ప్రతి పక్షం పెడుతూ వచ్చాడు.

ఆ పట్టీలో ఏమేమి ఉన్నాయో మీకు తెలుసు. సభ్యుని పేరు, తండ్రి లేక భర్త పేరు, ఫోను, బ్యాంకు ఖాతా, ఆధార్, పోసిన పాలు, వెన్న శాతం, రావలసిన సొమ్ము, దాణా బాకీ, గేదె అప్పు కోత, చేతికి వచ్చే మొత్తం, చివర సంతకం లేక వేలిముద్ర. ఒక మనిషి బ్రతుకంతా ఒక్క వరుసలో ఉంటుంది.

కొన్నాళ్ళకు ఒక మహిళా సభ్యురాలికి ఫోను వచ్చింది. "అమ్మా, పాల సంఘం హెడ్డాఫీసు నుంచి మాట్లాడుతున్నాము. క్రిందటి పక్షం మీరు ఇన్ని లీటర్లు పోశారు, దాణా బాకీ ఇంత కోశారు, మీ ఖాతా చివరి అంకెలు ఇవి. మీకు బోనసు రావలసి ఉంది, ఇప్పుడు వచ్చే నంబరు చెప్పండి" అన్నాడు. ఆమె చదువుకున్న మనిషే. ఓటీపీ ఎవరికీ చెప్పకూడదని ఆమెకు తెలుసు. కాని ఫోను చేసినవాడు లీటర్లతో సహా సరిగ్గా చెబుతుంటే సంఘం మనిషి కాక మరెవరనుకుంటుంది? చెప్పింది. ఖాతాలో ఉన్న రెండు పక్షాల పాల డబ్బు పోయింది.

విచారణకు మేము వెళ్ళాము. కార్యదర్శి తల వంచుకొని, "సార్, క్రిందటి తనిఖీలో చెల్లింపు వివరాలు సభ్యులందరికీ తెలిసేలా ప్రదర్శించాలి అని మీరే వ్రాశారు కదా" అన్నాడు. తనిఖీ నివేదిక తెప్పించి చూశాము. నిజమే, మా చేతివ్రాతే. ఏ వివరాలు ప్రదర్శించాలి, ఏవి కూడదు అని మేము వ్రాయలేదు. ఆ తప్పులో మా వాటా మాకు ఉన్నది.

అక్కడే ఒక పెద్దావిడ లేచి, "అయ్యా, నేను ఎన్ని పాలు పోశానో ఊరికి తెలుసు, అందరి ముందే పోశాను. నాకు ఎంత అప్పుందో ఊరికెందుకయ్యా? మా మనుమరాలికి సంబంధం చూస్తున్నాం. మగపెళ్ళివారు ఆ కాగితం ఫోనులో చూసి మా అబ్బాయిని అడిగారు" అన్నది. ఆమె సొమ్మేమీ పోలేదు. కాని ఆమె మాటకు మా దగ్గర జవాబు లేకపోయింది. ముప్ఫై ఏళ్ళ సర్వీసులో మేము చదివిన ఏ సర్క్యులరూ ఆ మాటంత స్పష్టంగా విషయం చెప్పలేదు.

ఇక్కడ మీలో కొందరికి ఒక న్యాయమైన ప్రశ్న వస్తుంది. సహకార సంఘమంటేనే దాపరికం లేనిది కదా? 1844లో ఇంగ్లండులోని రోచ్‌డేల్ నేత కార్మికులు దుకాణం పెట్టిన నాటి నుంచి, 1946లో గుజరాతులోని కైరా జిల్లా రైతులు తమ పాల యూనియన్ కట్టుకున్న నాటి నుంచి, లెక్క చూపడమే కదా సహకారానికి ప్రాణం? లెక్కలు దాచిన సంఘాలు ఎలా మునిగాయో మేము చూడలేదా?

చూశాము. అందుకే ఈ గీత జాగ్రత్తగా గీయాలి. మేము చెప్పేది ఇది. సంఘం లెక్క అందరిదీ. సభ్యుని లెక్క సభ్యునిది. ఈ రెండింటినీ ఒకే పట్టీలో వ్రాయడం మనకు అలవాటు కనుక రెండూ ఒకటే అనిపిస్తున్నది.

పాల రేటు పట్టిక, ఈ పక్షంలో సంఘం సేకరించిన మొత్తం పాలు, యూనియన్‌కు పంపినది, అక్కడ వచ్చిన సగటు వెన్న శాతం, మొత్తం చెల్లింపు, సంఘం ఖర్చులు, జీతాలు, లాభనష్టాలు, ఆడిట్ నివేదిక, పాలకవర్గ తీర్మానాలు, ఇవన్నీ సంఘం లెక్కలు. గోడ మీద పెట్టండి, వెబ్‌సైటులో పెట్టండి, మైకులో చదవండి. వీటిని దాచడానికి ఈ కొత్త చట్టాన్ని అడ్డం పెట్టుకునే కార్యదర్శి ఎవరైనా ఉంటే, మేము ముందుగా ఆయన బీరువానే తనిఖీ చేస్తాము.

ఫలానా సభ్యునికి ఎంత వచ్చింది, ఎంత అప్పు ఉంది, ఖాతా నంబరేమిటి, ఆధారేమిటి, ఇవి ఆ సభ్యుని లెక్కలు. ఆయనకు ఆయన పాస్ పుస్తకంలో, ఆయన చీటీలో, ఆయన ఫోనుకు వచ్చే సందేశంలో ఇవ్వాలి. ఆడిటరు చూడవచ్చు, చట్టప్రకారం అధికారం ఉన్నవారు వ్రాతపూర్వకంగా అడిగి చూడవచ్చు. దారిన పోయేవాడు చూడనక్కరలేదు. దొంగ పేర్లతో పాలు పోస్తున్నారనే అనుమానం వస్తే సర్వసభ్య సమావేశంలో ప్రశ్న వేయండి, ఆడిటరుకు అర్జీ పెట్టండి, మాకు వ్రాయండి. దానికి మార్గం విచారణ. అందరి ఖాతాలనూ లోకం ముందు పరచడం దానికి మార్గం కాదు.

ఇది మా సొంత అభిప్రాయం మాత్రమే కాదు. కేరళలో ఒక సహకార బ్యాంకు సభ్యుల ఖాతాల వివరాలు ఇమ్మని ఒకరు సమాచార హక్కు చట్టం క్రింద అడిగిన తగాదా సుప్రీంకోర్టు వరకు వెళ్ళింది. 2013 అక్టోబరు 7న తళప్పలం సర్వీస్ సహకార బ్యాంకు కేసులో తీర్పు వచ్చింది. ప్రభుత్వ యాజమాన్యంలో గాని, అదుపులో గాని లేక, చెప్పుకోదగినంత ప్రభుత్వ ధనం మీద ఆధారపడని సహకార సంఘం ఆ చట్టం క్రింద ప్రభుత్వ సంస్థ కాదని కోర్టు చెప్పింది. వ్యక్తిగత గోప్యతకు విలువ ఇవ్వాలని కూడా అదే తీర్పులో వివరించింది. తరువాత 2017 ఆగస్టు 24న తొమ్మిదిమంది న్యాయమూర్తుల ధర్మాసనం, కర్ణాటక హైకోర్టు విశ్రాంత న్యాయమూర్తి పుట్టస్వామిగారు వేసిన కేసులో, గోప్యత ప్రతి పౌరుని ప్రాథమిక హక్కు అని ఏకగ్రీవంగా తేల్చింది. పెద్దావిడ అడిగిన ప్రశ్నకు దేశంలోని అత్యున్నత న్యాయస్థానం ఇచ్చిన జవాబు అది.

ఆ తీర్పు దారిలోనే పార్లమెంటు 2023 ఆగస్టులో డిజిటల్ వ్యక్తిగత సమాచార రక్షణ చట్టం చేసింది. దాని నిబంధనలు 2025 నవంబరులో వెలువడ్డాయి. సమాచారం ఉంచుకునేవారి ముఖ్య బాధ్యతలు అమలులోకి రావడానికి ఆ నిబంధనలలో 18 నెలల గడువు పెట్టారు. ఆ లెక్కన అది 2027 మే నెలకు వస్తుంది. గడువు ఉన్నది కదా అని కూర్చుంటే చేతులు కాలాక ఆకులు పట్టుకున్నట్లవుతుంది. పైగా ఆధార్ నంబరును బహిరంగంగా ప్రచురించరాదని 2016 ఆధార్ చట్టం ఎప్పుడో చెప్పింది. కనుక ఆధార్ ఉన్న పట్టీని వెబ్‌సైటులో పెట్టడం ఈ రోజుకీ తప్పే.

చట్టంలోని మాటలు కొంచెం బరువైనవి. సమాచారం ఎవరిదో ఆ మనిషిని డేటా ప్రిన్సిపల్ అన్నారు. ఆ సమాచారం ఎందుకు, ఎలా వాడాలో నిర్ణయించే సంస్థను డేటా ఫిడ్యూషియరీ అన్నారు. ఫిడ్యూషియరీ అంటే ఒకరు నమ్మి అప్పగించినదాన్ని కాపాడవలసినవాడు. మన భాషలో సభ్యుడు సొంతదారు, సంఘం కాపలాదారు. కంచే చేను మేయకూడదన్నది ఈ చట్టం సారాంశం.

మరొక మాట. ఈ చట్టం కంప్యూటరు రూపంలో ఉన్న సమాచారానికీ, కాగితం మీద తీసుకొని తరువాత కంప్యూటరుకు ఎక్కించినదానికీ వర్తిస్తుంది. బీరువాలోని పుస్తకం బీరువాలో ఉన్నంతవరకు దీని పరిధిలోకి రాదు. ఆ పుటను ఫోనుతో ఫోటో తీసి వాట్సాప్ గ్రూపులో పెట్టిన క్షణం నుంచి కథ వేరు. కాబట్టి మా సంఘానికి వెబ్‌సైటు లేదు, మాకీ గొడవ లేదు అనుకోవద్దు. పాల సంఘంలో వాట్సాప్ గ్రూపు లేని ఊరు ఇప్పుడు ఎక్కడున్నది?

ఇక సంఘాలు చేయవలసిన పనులు ఒక్కొక్కటిగా చెబుతాము. కార్యదర్శులు వ్రాసుకుంటే మంచిది.

మొదటిది, అవసరమైనదే అడగండి. నెయ్యి కొనేవాని దగ్గర పేరు, చిరునామా, ఫోను చాలు. పుట్టిన తేదీ, ఆధార్, కుటుంబ సభ్యుల పేర్లు నెయ్యి డబ్బాకు ఎందుకు? చట్టంలోనే ఒక ఉదాహరణ ఉన్నది. ఫోనులో వైద్య సలహా ఇచ్చే యాప్, రోగి ఫోనులోని పరిచయస్తుల నంబర్ల జాబితా చూడడానికి కూడా అనుమతి అడిగి తీసుకుంటే, ఆ జాబితా వైద్యానికి అవసరం లేదు కనుక అంతవరకు ఆ అనుమతి చెల్లదు. అదే సూత్రం మనకూ వర్తిస్తుంది. మన దగ్గర లేని కాగితం దొంగకు దొరకదు. తనిఖీకి వచ్చినప్పుడు సభ్యుల ఆధార్ జిరాక్సులు ఏవి అని మేము అడిగిన రోజులున్నాయి. ఇకమీదట, ఏ చట్టం ప్రకారం, ఏ పనికి కావాలో చెప్పమని మమ్మల్నే అడగండి. తప్పనిసరి అయినచోట కూడా చివరి నాలుగు అంకెలు మాత్రమే కనిపించే ఆధార్ నకలు దొరుకుతుంది, అది సరిపోతుందేమో ముందు చూడండి.

రెండవది, ఎందుకు అడుగుతున్నారో తెలుగులో చెప్పండి. ఏ వివరాలు తీసుకుంటున్నాము, ఏ పనికి, అనుమతి వెనక్కు తీసుకోవాలంటే ఎలా, సంఘం దగ్గర ఎవరికి చెప్పుకోవాలి, అక్కడ పని జరగకపోతే బోర్డుకు ఎలా ఫిర్యాదు చేయాలి, ఇవన్నీ సులభమైన మాటలలో ఒక నోటీసుగా ఉండాలి. ఇంగ్లీషులో గాని, రాజ్యాంగం ఎనిమిదవ షెడ్యూలులోని 22 భాషలలో ఏ భాషలోనైనా గాని ఆ నోటీసు చదువుకునే వీలు ఉండాలని చట్టం చెబుతున్నది. అందులో మన తెలుగు ఉన్నది. ఇంకెవరి వెబ్‌సైటు నుంచో ఇంగ్లీషు పేజీ నకలు తెచ్చి అతికించే పని వద్దు. అందులో ఏమి వ్రాసి ఉన్నదో మీకే తెలియకపోతే సభ్యునికి ఏమి తెలుస్తుంది? సభ్యుడు సరే అనడం ఆయన ఇష్టప్రకారం, తెలిసి, స్పష్టంగా చేసిన పని అయి ఉండాలి. ముందే టిక్కు పెట్టి ఉంచిన గడి అనుమతి కాదు. ఇచ్చినంత తేలికగా వెనక్కు తీసుకునే వీలూ ఉండాలి.

మూడవది, ఒక పనికి తీసుకున్నది ఆ పనికే వాడండి. బిల్లు జమ చేయడానికి సభ్యుడు తానై ఇచ్చిన ఖాతా నంబరును బిల్లు జమకు వాడండి. దాణా కంపెనీ ప్రతినిధి వచ్చి, మీ సభ్యుల ఫోను నంబర్లు ఇస్తే సంఘం పేరుతో కేలండర్లు అచ్చు వేయించి ఇస్తామంటాడు. బీమా ఏజెంటు స్టీలు క్యాను ఇస్తానంటాడు. ఆ నంబర్లు అమ్ముకోవడానికి అవి సంఘం సొత్తు కావు.

నాలుగవది, తాళం ఎవరి దగ్గర ఉన్నదో చూడండి. మేము చూసిన సంఘంలో వెబ్‌సైటు పాస్‌వర్డు సంఘం పేరు, దాని ప్రక్కన 123. అది పాలకవర్గంలో అందరికీ తెలుసు, పని మానేసిన టెస్టరుకూ తెలుసు. మనిషి మారినప్పుడు పాస్‌వర్డు మార్చాలి. వెబ్‌సైటు చిరునామా హెచ్‌టీటీపీఎస్ అనే అక్షరాలతో మొదలు కావాలి. సభ్యుల జాబితాలను గూగుల్ డ్రైవులో పెట్టి, లింకు ఉన్న ఎవరైనా చూడవచ్చును అనే ఏర్పాటు చేయవద్దు. లింకు చేతులు మారుతుంది. ఎవరు ఎప్పుడు ఆ వివరాలు తెరిచారో తెలిసే నమోదు ఒక సంవత్సరం పాటు ఉంచాలని, నకళ్ళు భద్రపరచాలని నిబంధనలు చెబుతున్నాయి. వెబ్‌సైటు చేసేవారికి ఈ మాట ముందే చెప్పాలి.

ఐదవది, ఆ చేసేవారితో కాగితం వ్రాసుకోండి. తెలిసిన కుర్రవాడే అయినా ఒప్పందం ఉండాలి. వివరాలు పోయినప్పుడు, అతని వల్ల పోయాయి అంటే చట్టం ఒప్పుకోదు. ఒప్పందంలో ఏమి వ్రాసుకున్నా జవాబు చెప్పవలసినది సంఘమే. పాలు పట్టుకెళ్ళే బండివాడు దారిలో నీళ్ళు కలిపితే యూనియన్ పేరు వ్రాసుకునేది సంఘానిదే కదా, ఇదీ అంతే.

ఆరవది, వేలిముద్రలు. దీనిని చాలామంది తేలికగా తీసుకుంటున్నారు. 2018లో తెలంగాణలో రిజిస్ట్రేషను దస్తావేజుల నకళ్ళ మీది వేలిముద్రలతో రబ్బరు ముద్రలు తయారుచేసి సిమ్ కార్డులు తీసుకున్న కేసు బయటపడింది. తరువాతి సంవత్సరాలలో అదే పద్ధతిలో ఆధార్ ద్వారా బ్యాంకు సొమ్ము తీసిన కేసులు కూడా పట్టుబడ్డాయి. పాస్‌వర్డు పోతే మార్చుకోవచ్చు, వేలు మార్చుకోలేము. నిశానీలు ఉన్న చెల్లింపు పట్టీని ఏ ఫోనూ ఫోటో తీయకుండా చూడండి. మా ఇన్‌స్పెక్టర్ల ఫోన్లతో సహా.

ఏడవది, పిల్లలు. పదవ తరగతిలో మంచి మార్కులు తెచ్చుకున్న సభ్యుల పిల్లలకు బహుమతులు ఇస్తారు, సంతోషం. ఆ ఫోటోలు, పేరు, బడి, ఊరుతో సహా వెబ్‌సైటులో పెట్టేముందు తల్లిదండ్రుల అనుమతి, రుజువుండేలా, తీసుకోవాలి. పద్దెనిమిదేళ్ళు నిండనివారందరికీ చట్టం ఈ రక్షణ ఇచ్చింది.

ఎనిమిదవది, పని అయిపోయినది తీసివేయండి. సభ్యత్వం మానుకున్నవారి వివరాలు ఆడిట్‌కు, చట్టానికి ఎంతకాలం అవసరమో అంతకాలం ఉంచండి. ఆ పైన ఉంచవద్దు. మూడేళ్ళనాడు నెయ్యి కొన్నవాని చిరునామా మీకు ఇంకా ఎందుకు?

తొమ్మిదవది, పొరపాటు జరిగితే దాచవద్దు. వివరాలు బయటకు పొక్కినట్లు తెలియగానే ఆ సభ్యులకు ఆలస్యం లేకుండా చెప్పాలి. ఏమి పోయింది, దానివల్ల ఏమి జరగవచ్చు, వారు ఏ జాగ్రత్త తీసుకోవాలి అన్నది తేట మాటలలో చెప్పాలి. బోర్డుకు వెంటనే కబురు చేసి, 72 గంటలలో పూర్తి వివరాలు పంపాలని నిబంధన. మేము చెప్పిన సంఘంలో ఆ మహిళ డబ్బు పోయిన తరువాత కూడా పట్టీ మరి నాలుగు రోజులు వెబ్‌సైటులోనే ఉన్నది. తీసివేస్తే తప్పు ఒప్పుకున్నట్లవుతుందని పాలకవర్గంలో ఒకరు అన్నారట. ఆ నాలుగు రోజులలో ఇంకెంతమంది చూశారో ఎవరు చెప్పగలరు? పెదవి దాటితే పృథివి దాటుతుందంటారు. ఫోటో విషయంలో ఇది మరీ నిజం. వెబ్‌సైటులో తీసివేసినా, ఎవరి ఫోనులోనో నకలు ఉండిపోతుంది.

పదవది, ఒక మనిషిని నియమించండి. సభ్యుల సమాచారం గురించి ఎవరిని అడగాలో వెబ్‌సైటులో కనబడేలా ఉండాలి. ఫిర్యాదును 90 రోజులు దాటకుండా పరిష్కరించే ఏర్పాటు ఉండాలి. మన సంఘంలో తొంభై రోజులెందుకు, వచ్చే పక్షం బిల్లులోపు జవాబు చెప్పండి.

ఎనభైమంది సభ్యులున్న చిన్న సంఘానికి ఇంత చట్టమా అని అడుగుతారు. చిన్నవారికి కొన్ని సెక్షన్ల నుంచి మినహాయింపు ప్రకటించే అధికారం కేంద్రానికి ఉన్నది. కాని ఆ మినహాయింపు ఇవ్వదగిన జాబితాలో, వివరాలను భద్రంగా ఉంచే బాధ్యత గాని, పోయినప్పుడు చెప్పే బాధ్యత గాని లేవు. కనుక ఆ రెండూ చిన్నా పెద్దా అందరికీ ఉన్నవే. 1964 సహకార చట్టం క్రింద నమోదైన సంఘమైనా, 1995 పరస్పర సహాయక చట్టం క్రింద నమోదైన సంఘమైనా ఇందులో తేడా లేదు. భద్రత పాటించకపోతే జరిమానా 250 కోట్ల రూపాయల వరకు ఉండవచ్చునని చట్టం చెబుతున్నది. అది గరిష్ఠ పరిమితి. తప్పు ఎంత పెద్దది, ఎంతకాలం సాగింది, సరిదిద్దుకున్నారా అన్నవి చూసి బోర్డు నిర్ణయిస్తుంది. మిమ్మల్ని భయపెట్టడానికి ఈ అంకె చెప్పలేదు.

దానికంటె ముఖ్యమైన సంగతి ఒకటున్నది. ఆ జరిమానా సొమ్ము భారత సంచిత నిధికి చేరుతుంది. డబ్బు పోయిన సభ్యురాలి చేతికి రాదు. అంటే తప్పు చేసిన సంఘానికి శిక్ష పడినా, పాల డబ్బు పోయిన ఇంటికి దానివల్ల ఒక్క పైసా తిరిగి రాదు. అందుకే ఈ విషయంలో ముందు జాగ్రత్త తప్ప వేరే మందు లేదు.

ఇక సభ్యులకు నాలుగు మాటలు. మీ గురించి సంఘం దగ్గర ఏ వివరాలున్నాయో అడిగి తెలుసుకొనే హక్కు, తప్పుంటే దిద్దించుకొనే హక్కు, అవసరం తీరినవి తీసివేయించుకొనే హక్కు ఈ చట్టం ఇస్తున్నది. మీ తదనంతరం ఈ హక్కులు ఎవరు వాడుకోవాలో ముందే పేరు చెప్పి ఉంచవచ్చు. హక్కులతో పాటు బాధ్యతలూ ఉన్నాయి. తప్పుడు ఫిర్యాదులు చేసి సంఘాన్ని వేధిస్తే 10,000 రూపాయల వరకు జరిమానా ఉన్నది. ఓటీపీని సంఘం పేరు చెప్పినా, బ్యాంకు పేరు చెప్పినా, చివరకు మా పేరు చెప్పినా ఎవరికీ చెప్పవద్దు. మీ లీటర్లు సరిగ్గా చెప్పినంత మాత్రాన వాడు మనవాడు కాదు. మోసం జరిగితే సిగ్గుపడకుండా వెంటనే 1930 నంబరుకు ఫోను చేయండి. ఎంత త్వరగా చేస్తే సొమ్మును మధ్యలో ఆపే అవకాశం అంత ఎక్కువ. వేలిముద్రతో డబ్బు తీయనవసరం లేనివారు ఆధార్ బయోమెట్రిక్‌కు తాళం వేసుకోవచ్చు. ఇంట్లో చదువుకున్న పిల్లలను అడిగితే చేసి పెడతారు.

ఆ సంఘానికి మేము క్రిందటి నెలలో మళ్ళీ వెళ్ళాము. కార్యదర్శిని తీసివేయాలని కొందరు పట్టుబట్టినా సర్వసభ్య సమావేశం ఆయననే ఉంచింది, మంచి పని చేసింది. వెబ్‌సైటు ఇప్పటికీ నడుస్తున్నది, నెయ్యి అమ్ముతున్నారు. చెల్లింపు పట్టీ ఉన్నచోట రేటు పట్టిక, మొత్తం పాలు, మొత్తం చెల్లింపు, ఆడిట్ నివేదిక పెట్టారు. దాని క్రింద, "సభ్యులు తమ సొంత లెక్కను తమ పాస్ పుస్తకంలో చూసుకొనగలరు" అని తెలుగులో వ్రాశారు. డబ్బు పోయిన మహిళకు అది ఇంకా తిరిగి రాలేదు. పాలకవర్గం తీర్మానం చేసి, ఆ పక్షం ఆమె దాణా బాకీ కోయకుండా వాయిదా వేసింది. ఆమె మాత్రం పాలు పోయడం మానలేదు. సంఘం మీద ఆమెకు ఇంకా నమ్మకం ఉన్నది. ఆ నమ్మకానికి సంఘం తగినది కావాలి.

కావున మా విజ్ఞప్తి ఒక్కటే. మీ ఊరు తిరిగి వెళ్ళగానే సంఘం వెబ్‌సైటు తెరవండి, వాట్సాప్ గ్రూపు తెరవండి, నోటీసు బోర్డు చూడండి. సభ్యుని ఆధార్ గాని, ఖాతా నంబరు గాని, అప్పు వివరం గాని, వేలిముద్ర గాని కనబడితే ఆ రోజే తీసివేయండి. వచ్చే పాలకవర్గ సమావేశంలో ఈ విషయం అజెండాలో పెట్టి తీర్మానం వ్రాయండి. ఇకమీదట మా తనిఖీ నివేదికలో కూడా, ఏవి ప్రదర్శించారు అన్న ప్రశ్న ప్రక్కనే, ఏవి ప్రదర్శించకుండా కాపాడారు అన్న ప్రశ్న ఉంటుంది.

 మధ్యాహ్నం పాల వేళకు ఊరు చేరవలసినవారు ఉన్నారని తెలుసు. ప్రశ్నలుంటే ఇప్పుడే అడగండి.